పగడాలవాళ్ళ వీధి, పద్దెనిమిదో నంబరు

పగడాలవాళ్ళ వీధిలో ఇప్పుడు పగడాలు అమ్మరు.
పీవీసీ పైపులు, పెళ్ళికార్డులు,
కిలోల లెక్కన చైనా బల్బుల తోరణాలు.
మధ్యలో పద్దెనిమిదో నంబరు ఇల్లు
మేడ ఊడదీసిన చోట ఆకాశం వేసుకుని
సిగ్గుపడకుండా నిలబడింది.

మన్నడి స్టేషన్లో దిగి ఆఫీసుకు పోవాల్సినదాన్ని
మూడు రోజులుగా ఇక్కడే ఆగుతున్నాను.
వాచ్‌మన్ ఆరోక్యం అడిగాడు,
"ఏమ్మా, ఇల్లు మీదా?"
కాదన్నాను.
అంతకన్నా చెప్పాలంటే
చాలా నీళ్ళు దాటి రావాలి.

పోయిన ఆగస్టులో
జీడిగింజల కంటైనర్ల లెక్క తేలక
కంపెనీ నన్ను దారెస్సలాం పంపింది.
లెక్క తేలింది. రెండు రోజులు మిగిలాయి.
అరపూట బస్సు, గంటసేపు పడవ,
మోకాటిలోతు నీళ్ళలో చెప్పులు చేతబట్టుకుని ఒక దీవి.
ఒకప్పుడు అక్కడ షావుకార్ల ఊరు.

రేకుల షెడ్డులో ముసలి ఫాకీ రిజిస్టరు తెరిచాడు:
పేరు, దేశం, సంతకం.
నాకంటే ముందు సంతకానికి తొమ్మిది రోజులు.
చెన్నై అంటే తెలియలేదు.
మా తాతది బందరు అన్నాను, ఎందుకన్నానో.
"బందారి!" అంటూ సముద్రం వైపు చెయ్యి చాపాడు.
వాళ్ళ భాషలో రేవుకు అదే మాటట.
నాకు మాత్రం లడ్డూ గుర్తొచ్చింది.

కప్పులేని మసీదు.
లోపల ఏనుగు కాళ్ళంత మాను ఒకటి,
ఎవరూ పిలవని నమాజుకు ముందే వచ్చి నిలబడినట్టు.
ఇళ్ళలో గోడల నిండా గూళ్ళు.
దీపాలకు కాదట, చీనా పింగాణీ పెట్టి
వచ్చినవాళ్ళకు చూపించుకోవడానికట.
ఇప్పుడు గూటికొక తొండ.
అవీ చూపించుకుంటూనే ఉన్నాయి.

గోడ మీద చెయ్యి వేశాను.
వేళ్ళు నాకంటే ముందు గుర్తుపట్టాయి.

మా తాత నాంచారయ్య సున్నప్పని మేస్త్రీ.
గవ్వలు కాల్చిన సున్నం, కరక్కాయ నీళ్ళు,
నల్లబెల్లం, ఎన్ని గుడ్ల సొనో ఎవరికీ చెప్పని లెక్క.
గులకరాయితో పాముతూ పాముతూ
"గోడలో నీ మొహం కనపడాలి,
కనపడకపోతే కూలి తీసుకోను" అనేవాడట.
అదను చూడటానికి చిటికెడు
నాలుక మీద వేసుకునేవాడట.
పగడాలవాళ్ళ వీధిలో పనిచేశాడని అమ్మ చెప్పింది.
ఏ ఇల్లో చెప్పకుండా పోయింది.

ఫాకీ గోడ తట్టి చూపించాడు.
ఇక్కడ గవ్వలు కావు,
పగడపు రాయినే కాల్చి సున్నం చేశారు,
పగడపు రాయినే కోసి గోడ కట్టారు.
వంగి, పోటు వెళ్ళిపోయిన ఇసుకలోంచి
మినపగింజంత పూస తీసి
నా అరచేతిలో పెట్టాడు. ఇటుక రంగు. "ఇండియా" అన్నాడు.
నేను పిడికిలి ముయ్యబోతుంటే
తన చెయ్యి మళ్ళీ చాపాడు.
తీసుకెళ్ళకూడదు. ఇచ్చేశాను.
ఇరవయ్యేళ్ళు జమాఖర్చులు రాసినదాన్ని,
ఎవరి ఖాతాలో రాయాలో తెలియనిది
ఆ ఒక్క పూసే.

"పక్కకు జరగమ్మా, లారీ."
ఆరోక్యం లెక్క ప్రకారం ఇది పదకొండోది.
దుమ్ము నా జడ మీద, లంచ్ బాక్సు మీద,
ఎదుటి కొట్టులో అచ్చయిన పెళ్ళిపిలుపుల మీద.
ఒక పెచ్చు అడిగాను.
తట్టెడు తీసుకెళ్ళమన్నాడు.

అరచేయంత పెచ్చు.
ఒకవైపు ఇంకా నునుపు. మొహం కనపడలేదు,
మబ్బు పట్టి ఉంది, ఎండలో ఎలాగుండేదో.
విరిగిన అంచులో సరిగ్గా కాలని గవ్వ,
చారలతో సహా.

అటూ ఇటూ చూసి నాలుకకు తాకించాను.
చురుక్కుమనలేదు.
ఇన్నేళ్ళకు సున్నానికీ కోపం చల్లారుతుంది కాబోలు.
కాస్త ఉప్పగా ఉంది.
అది గోడదో నా వేళ్ళదో.

టిఫిన్ సంచీలో పెట్టుకుని, అలవాటుగా,
"సంతకం ఎక్కడ పెట్టాలి?" అన్నాను.

ఆరోక్యం ఈలను నోట్లోంచి తీసి మరీ నవ్వాడు.
"చెత్తకు సంతకమా అమ్మా?"